ఖాళీ గడి

తూకం మెషీను బాగుపడి తిరిగొచ్చిన రోజునే ఇస్త్రీ అమ్మాయి మూడు కిలోలు తగ్గిపోయింది.

గురువారం పొద్దున, ప్రసూతి ఆసుపత్రి వరండా. బల్లల మీద వరసగా కూర్చున్న గర్భిణీలు ఒక్కొక్కరే లేచి, చెప్పులు విప్పి, చేతిసంచి పక్కవాళ్ళ ఒళ్ళో పడేసి మెషీను ఎక్కుతున్నారు. పక్కనే ఎత్తుపీట మీద కూర్చుని అంకె చూసి కార్డులో రాసే మనిషిని అందరూ తూకాలమ్మ అంటారు. హాజరు పట్టీలో ఆవిడకు ఇంకో పేరుంది కానీ, ఇరవై మూడేళ్ళుగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

"ఊపిరి బిగపడితే బరువు తగ్గదు తల్లీ, వదులు. నీ కడుపులో ఉన్నది గాలి కాదు," అంది ముందు ఎక్కిన ఆవిడతో. బల్లల మీద నవ్వులు. తర్వాతి వంతు ఇస్త్రీ అమ్మాయిది. వీధి చివర ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. ముప్పై మూడో వారం. సన్నగా, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి, ఎవరిదో మూట మోస్తున్నట్టు ఉంటుంది.

ముల్లు ఊగి ఊగి యాభై ఎనిమిది దగ్గర నిలబడింది. తూకాలమ్మ కార్డు తిప్పింది. పోయిన నెల గడిలో అరవై ఒకటి. రాత తనదే.

"దిగు. మళ్ళీ ఎక్కు."

మళ్ళీ యాభై ఎనిమిదే. ముల్లును సున్నాకు తెచ్చే మర చూసింది. సరిగానే ఉంది. అమ్మాయిని దింపి తనే ఎక్కింది. అరవై ఎనిమిది. ఎప్పుడూ ఉండేదే. మెషీను తప్పు కాదు. పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. అమ్మాయి చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకుని వంగింది. ఆ చెయ్యి వణుకుతోంది, ఎవరో లోపలినుంచి తీగ మీటుతున్నట్టు.

"చెయ్యేమిటి అలా?"

"ఇస్త్రీపెట్టె బరువుకమ్మా. ఏం లేదు," అంది అమ్మాయి మొహం ఎత్తకుండా.

తూకాలమ్మ యాభై ఎనిమిది అని రాసింది.

డాక్టరమ్మ గదిలోకి కార్డుల కట్ట తీసుకెళ్ళేది కూడా తూకాలమ్మే. ఆ పనిలో కాస్త అటూ ఇటూ తచ్చాడటం, చెవిన పడింది వినటం ఆవిడకు అలవాటు. ఆ రోజు కట్ట బల్ల మీద పెట్టాక తలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ కార్డు చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది. "అరవై ఒకటి నుంచి యాభై ఎనిమిదికా? ఐదు వారాల్లో?"

ఇస్త్రీ అమ్మాయి పక్కన నిలబడ్డ అత్తగారు ముందుకొచ్చింది. "తిండికి లోటు లేదమ్మా. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పాలు, నా చేత్తో నేనే ఇస్తున్నాను."

"మిమ్మల్ని అనడం లేదు." డాక్టరమ్మ అమ్మాయి మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నూట పద్దెనిమిది. నిద్ర పడుతోందా?"

"లేదమ్మా. గుండె చెవిలో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది."

"చూడు. పోయినసారి ఒక్కసారిగా నాలుగు కిలోలు పెరిగావు. నీరసం, పాదాల్లో నీరు. నీకు థైరాయిడ్ ముందునుంచే ఉంది. ఆ హార్మోను తగ్గితే ఒళ్ళు మందగించి బరువెక్కుతుంది. రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగితే ఆలస్యమని యాభై మైక్రోగ్రాముల మాత్రని వంద చేశాను. అది ఎక్కువైతే గుండె పరిగెడుతుంది, నిజమే. కానీ మూడు కిలోలు పోవడం మాత్ర ఒక్కదాని పని కాదు." స్కాను కాగితం వెలుతురుకు ఎత్తింది. "బిడ్డ చిన్నదిగానే ఉంది. తల్లి బరువు పడిపోతోందంటే బిడ్డకు ఆహారం అందించే మాయ సరిగ్గా పనిచెయ్యడం లేదేమో. ఇవాళే రక్తం ఇచ్చి వెళ్ళండి. సోమవారం వచ్చి చేరండి. బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షన్లు ఇచ్చి, ముందే తీసేద్దాం."

"ఇంకా ఏడు వారాలుంది కదమ్మా," అంది అత్తగారు.

"లోపల ఎండిపోవడం కంటే అద్దాల పెట్టెలో పెట్టి పెంచుకోవడం మేలు."

అమ్మాయి రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుంది. తూకాలమ్మ తలుపు వదిలి వరండాలోకి వచ్చింది. ఎత్తుపీట ఎక్కి కూర్చుంది.

మెషీను రిపేరుకు పోయింది ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ ఆ మూల నేల మీద నలుచదరపు మరక ఒక్కటే ఉంది. కార్డులో గడి ఖాళీగా ఉంటే గుమాస్తా లోపలికి పోనివ్వడు. "ఖాళీ గడి కంప్యూటరు మింగదమ్మా, వెనక్కి కక్కుతుంది," అని కార్డులన్నీ తిరిగి ఆవిడ ఒళ్ళో పడేశాడు. వరండాలో అరవై మంది. ఎండ, ఉక్క, నడుం నొప్పులు. తూకాలమ్మ ఒక్కొక్కరినే ఎదురుగా నిలబెట్టి, దవడ కింద చూసి, మణికట్టు చూసి, పక్కకు తిప్పి చూసి, అంకె వేసింది. మొదటి రోజు చెయ్యి కాస్త తడబడింది. మూడో రోజుకి అందులో ఒక సరదా కూడా పుట్టింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మందిని తూచాను, ఇక ముల్లెందుకు నాకు, అనుకుంది. ఎవరో, "మీ కన్నే కాటా అమ్మా," అంటే కాదనలేదు.

ఆ అరవై ఒకటి ఎలా వచ్చింది? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. అంతకు ముందు నెల మెషీను మీద యాభై ఏడు. ఏ దవడ చూసి నాలుగు కిలోలు కలిపింది తను? ఆ నాలుగు కిలోలే మాత్రను రెట్టింపు చేశాయి. ఆ మాత్రే చేతిని వణికిస్తోంది. ఇప్పుడు ఎన్నడూ లేని మూడు కిలోలు పోయాయని బిడ్డను బయటికి లాగబోతున్నారు.

లేచి లోపలికెళ్ళి ఒక్క మాట చెబితే అయిపోతుంది. తూకాలమ్మకు అది తెలుసు. తెలిసినకొద్దీ పీటకు అతుక్కుపోయింది. ఆ ఒక్క కార్డూ లాగితే కట్టంతా ఊడి వస్తుంది. రెండు వందల పదకొండు మంది. లెక్క ఆవిడకు నోటికే వచ్చు.

"ఏమమ్మా, ఎక్కమంటారా, ఇక్కడే ప్రసవించమంటారా?" అంది వరసలో ముందున్న ఆవిడ. బల్లలు నవ్వాయి. తూకాలమ్మ ముల్లు వైపు చూసింది.

*

తూకాలమ్మ భర్త తాళంచెవులు చేస్తాడు. శుక్రవారం దుకాణానికి సెలవు. కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో బీరువా తాళంచెవికి పళ్ళు కోస్తున్నాడు. ఆకురాయి నాలుగు సార్లు రాయడం, తీసి పాత చెవి పక్కన పెట్టి చూడటం, మళ్ళీ రాయడం.

"పాత చెవి పక్కన లేకుండా కోయగలవా నువ్వు?" అని అడిగింది తూకాలమ్మ.

"ఎందుకు కోయలేను? బ్రహ్మాండంగా కోస్తాను." రజను ఊదాడు. "తలుపే తెరుచుకోదు."

ఆవిడ నవ్వలేదు. ఆయన తలెత్తి చూశాడు. "నిన్నటినుంచి అలా ఉన్నావేం? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే."

"అంటే ఊరుకునేదానివా నువ్వు. రెండు కిలోలు తగ్గించి రాసేసేదానివి." ఆయనకు తన హాస్యం తనకే నచ్చి నవ్వుకున్నాడు. ఈయనకు తెలుసా అనుకుంది తూకాలమ్మ. తెలియదు. అందరూ ఇలాగే అంటారు ఇక, తెలిసినా తెలియకపోయినా; ప్రతి మాటా తనకోసమే అన్నట్టు వినిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం రెండు కిటికీ తెరలు సంచిలో కుక్కుకుని ఇస్త్రీ దుకాణానికి వెళ్ళింది. ఆ తెరలకు ఇస్త్రీ చేయించడం అదే మొదటిసారి.

పొడుగాటి బల్ల మీద మడతల దుప్పటి. దాని వెనక ఇస్త్రీ అమ్మాయి. ఒక చేత్తో నీళ్ళు చిలకరిస్తోంది, ఇంకో చేత్తో చొక్కా భుజం లాగి పట్టుకుంటోంది. ఇదివరకు ఇస్త్రీపెట్టెను ఒంటి చేత్తో పడవలా తోసేది. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని, తోసిన ప్రతిసారీ పొట్టను బల్ల అంచుకు ఆనించి నిలదొక్కుకుంటోంది. పక్కన విడిగా ఒక తెల్ల చొక్కా పడి ఉంది. కాలరు మీద గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె మూతి ఆకారంలో.

అత్తగారు పాల గ్లాసుతో లోపలినుంచి వచ్చింది. "రా వదినా. చూశావా దీని వాలకం? పని మానమంటే మానదు. కూర్చుంటే గుండె ఇంకా కొట్టుకుంటుందట." గ్లాసు కోడలి చేతికిచ్చి, అది ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసింది. "పెట్టింది ఎక్కడికి పోతోందో తెలియడం లేదు వదినా. నలుగురూ ఏమనుకుంటారు? అత్త నోరు కట్టేసిందనుకోరూ?"

"ఎవరూ అనుకోరు," అంది తూకాలమ్మ.

"అంటారు. నువ్వే అన్నావు కదా ఆమధ్య, బిడ్డను పస్తు పెడుతున్నావా అని. తమాషాకే అన్నావనుకో." మడతపెట్టిన బట్టల దొంతర చంకనెత్తుకుని అత్తగారు రెండిళ్ళ అవతల ఇచ్చి రావడానికి బయల్దేరింది.

ఆవిడ గడప దాటింది. అమ్మాయి ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి, తీగ పీకి, చేతులు దుప్పటికి తుడుచుకుంది. తూకాలమ్మ చెప్పాల్సిన మాటను గొంతులో సర్దుకుంటోంది.

"మీతో ఒక మాట చెప్పాలమ్మా. తిట్టరుగా," అంది అమ్మాయి.

"చెప్పు."

"సోమవారం బిడ్డను తీసేస్తారు. అది నా వల్లే." ఆ పిల్ల కళ్ళు బల్ల మీదినుంచి లేవలేదు. "పోయిన నెల మెషీను లేదు గుర్తుందా? మీరు నా మొహం చూసి, తేల్చుకోలేక, ‘బయటెక్కడన్నా తూచుకున్నావా, ఎంతున్నావు’ అన్నారు. అరవై ఒకటి అన్నాను. మీరు రాసుకున్నారు."

తూకాలమ్మ తెరల సంచి బల్ల మీద పెట్టింది.

"తూచుకున్నావా మరి?"

"లేదు. అంతకు ముందు నెల మీరలా అన్నారని అత్తయ్య ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చింది. మళ్ళీ అందరిముందూ ఏమంటారోనని కాస్త ఎక్కువే చెప్పాను. ఒక కిలో పెరిగానంటే చాలదంటారేమో, నాలుగంటే సంతోషిస్తారని." వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నా వణుకు ఆగడం లేదు. "మాత్ర పెంచినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. ఇప్పుడు చెబితే డాక్టరమ్మ ఏమంటుందో. అత్తయ్యకు తెలిస్తే ఇక నేను ఇంట్లో తలెత్తలేను. మీకూ మాటొస్తుంది, తూచకుండా రాశారని."

గుర్తొచ్చింది. ఎండ, బల్ల చివర ఈ పిల్ల, గొంతులోంచి తొందరగా జారిన అంకె. తను హమ్మయ్య అనుకుని రాసేసిన క్షణం. గుర్తు రావడంతోనే తూకాలమ్మ ఛాతీ మీదినుంచి ఏదో దిగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. తన కన్ను తప్పలేదు. అంకె తనది కాదు. ఈ పిల్లది.

ఆ హాయి ఎంత బాగుందంటే, అది ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక ఎదురుగా ఉన్న వణుకుతున్న వేళ్ళ వైపు చూడలేకపోయింది. తెరల సంచి బల్ల మీద వదిలేసి, "సోమవారం నేనూ ఉంటాను. నువ్వు నోరు విప్పకు," అని బయటికి నడిచింది. ఎవరి కోసం విప్పవద్దన్నదో ఆవిడకే స్పష్టంగా లేదు.

ఆదివారమంతా ఒక వాక్యాన్ని నాలుక మీద పెట్టుకుని ఇంట్లో తిరిగింది. ‘ఆ అమ్మాయి బరువు తప్పు చెప్పిందట, డాక్టరమ్మా.’ అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ వాక్యంతో బిడ్డ లోపలే ఉంటుంది, మాత్ర తగ్గుతుంది, రెండు వందల పది కార్డులు కట్టలోనే పడి ఉంటాయి. పిల్లకు నాలుగు చీవాట్లు పడతాయి, అంతే. అత్తగారు ఇంకో రెండు రోజులు ఏడుస్తుంది. గిన్నెలు తోముతూ అంది, బట్టలు ఆరేస్తూ అంది. అన్నప్రతిసారీ వాక్యం నున్నబడుతోంది. సాయంత్రానికి అది ఎంత నున్నబడిందంటే అందులో తూకాలమ్మ ఎక్కడా లేదు.

*

సోమవారం ఎనిమిదింటికే ఇస్త్రీ అమ్మాయి బట్టల మూటతో డాక్టరమ్మ గది ముందు కూర్చుని ఉంది. మొగుడు పక్కన నిలబడి ఆమె నీళ్ళ సీసాను అటూ ఇటూ తిప్పుతున్నాడు. అత్తగారు పెదవులు కదుపుతోంది, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. లోపలికి పిలుపు రాగానే తూకాలమ్మ వాళ్ళతోపాటు వెళ్ళి తలుపు వేసింది.

డాక్టరమ్మ అప్పటికే ఇంజెక్షను చీటీ రాస్తోంది. "నువ్వెందుకమ్మా?"

"ఆ అమ్మాయి..." అంది తూకాలమ్మ. నున్నటి వాక్యం పెదాల దాకా వచ్చింది. ఇస్త్రీ అమ్మాయి తల ఎత్తింది. ఆ చూపులో అభ్యంతరం లేదు. చెప్పెయ్యండి, నాదే కదా, అన్నట్టు సిద్ధంగా ఉంది. ఆ సిద్ధపాటే తూకాలమ్మను ఆపింది.

"ఆ అమ్మాయి కార్డులో పోయిన నెల అంకె నేను వేసింది. తూచలేదు. మెషీను లేదప్పుడు."

డాక్టరమ్మ పెన్ను ఆగింది.

"యాభై ఏడు తర్వాత తూచింది మొన్న గురువారమే. మధ్యలో అరవై ఒకటి లేదు."

"లేదంటే?"

"లేదు. ఖాళీ గడి అది."

ఇస్త్రీ అమ్మాయి నోరు తెరిచింది. తూకాలమ్మ ఆమె వైపు తిరగకుండానే, "ఎవరు ఏమన్నా, రాసిన చెయ్యి నాది," అంది. అత్తగారు ఒకరి మొహం తర్వాత ఒకరిది చూస్తోంది.

"ఈ ఒక్క కార్డేనా?" అంది డాక్టరమ్మ.

ఇక్కడ ఆగవచ్చు అని తూకాలమ్మకు తోచింది. ఒక్క తల ఊపు చాలు. "ఐదు వారాలు," అంది. "రెండు వందల పదకొండు."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఐదు వారాలు మెషీను లేదా? నాకెవరూ..." అని, తెరిచి ఉన్న కిటికీ వైపు చూసి ఆగిపోయింది. ఆ కిటికీలోంచి వరండా మూల, ఎత్తుపీట, మెషీను సూటిగా కనిపిస్తాయి. మళ్ళీ మాట్లాడేసరికి గొంతు తగ్గింది. "శనివారం వచ్చిన రక్తం రిపోర్టులు తెమ్మను."

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, యాభై ఏడు పక్కన వేలు పెట్టి, అరవై ఒకటిని వేలితో మూసేసి, యాభై ఎనిమిది చూసింది. "హార్మోను ఎక్కువైపోయింది. మాత్ర అనవసరంగా పెంచాను. నువ్వు తగ్గలేదు. ఈ గుండె దడతో కూడా కిలో పెరిగావు." ఇంజెక్షను చీటీ చింపింది. "ఈ పూటనుంచి పాత మాత్రే. రెండు రోజులు ఇక్కడే ఉండు, గుండె నెమ్మదించాక ఇంటికి పో. వారం వారం రావాలి. తొందరపడి తీయాల్సిన పని ఇప్పటికి లేదు."

"ఇప్పటికి," అని ఆ మాటనే పట్టుకుంది అత్తగారు.

"ఇప్పటికి," అంది డాక్టరమ్మ. తర్వాత తూకాలమ్మతో, "ఆ నెల కార్డులన్నీ తియ్యి. అందర్నీ పిలిపించు. మళ్ళీ తూచు. అది అయ్యాక నువ్వు ఈ పనిలో ఉండవు."

"సరేనమ్మా."

నాలుగు రోజులు పట్టింది. వరండా అంతా గొణుగుడు. "ఈసారి మెషీనేనా, దివ్యదృష్టా?" అంది ఒకావిడ. "నన్ను అరవై ఆరు చేసిందమ్మా మహాతల్లి, ఆ అంకె చూసుకుని నెల్లాళ్ళు కడుపు మాడ్చుకున్నాను," అంది ఇంకొకావిడ. తూకాలమ్మ తల వంచుకుని ముల్లు నిలబడేదాకా ఆగి, పాత అంకెను ఒక గీతతో కొట్టేసి, పక్కన కొత్తది రాసింది. కొన్ని కార్డుల్లో తేడా అరకిలో కూడా లేదు. ఆవిడ కన్ను నిజంగానే మంచి కన్ను. అది ఎవరితోనూ అనలేదు. ఐదో రోజున ఎత్తుపీట మీద వేరే అమ్మాయి కూర్చుంది. తూకాలమ్మను దుప్పట్లు, బిడ్డగుడ్డలు మడతపెట్టే గదికి పంపారు.

*

ముప్పై తొమ్మిదో వారంలో ఇస్త్రీ అమ్మాయికి నొప్పులు వచ్చాయి. మామూలు కాన్పు. ఆడపిల్ల. ఆ కబురు మడతల గదికి మోసుకొచ్చింది అత్తగారే.

"రెండు కిలోల మూడు వందల యాభై, వదినా. రెండున్నర ఉండాలటగా. నూట యాభై గ్రాములు తక్కువట." గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏమైనట్టు ఆ నూట యాభై?"

డాక్టరమ్మను అడిగారట. తల్లి చిన్న మనిషి, బిడ్డా చిన్నదే కావచ్చు అందట. ఆ నెల మాత్ర వల్లా అంటే, కావచ్చు, కాకపోవచ్చు, చెప్పలేను అందట. చేతిలో ఉన్న బిడ్డగుడ్డల దొంతరతోనే తూకాలమ్మ వార్డుకు వెళ్ళింది. ఆ నూట యాభైలో ఇస్త్రీపెట్టె ఎంత, మాత్ర ఎంత, తన నోటి మాట ఎంత, తన చేతి రాత ఎంత? దారంతా పంచుకుంటూనే పోయింది. ఎంత పంచినా మిగులుతోంది.

అమ్మాయి మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. చేతులు వణకడం లేదు. పాప ఆమె పక్కన కళ్ళు మూసుకుని, పాలు దొరికే దిక్కు వెతుకుతున్నట్టు మూతి కదుపుతోంది.

"తాగుతోందా?" అంది తూకాలమ్మ.

"ఆగకుండా. ఆవురావురుమంటోంది." పాప తల నిమురుతూ, "నూట యాభై అంటే ఎంతుంటుందమ్మా?" అని అడిగింది అమ్మాయి.

తూకాలమ్మ దొంతరలోంచి ఒక గుడ్డ తీసి, మడత విప్పకుండా, ఆమె అరచేతిలో పెట్టింది. "దగ్గర దగ్గర ఇంత. తూచలేదు."

ఆ అమ్మాయి అరచేతిని కొద్దిగా పైకీ కిందికీ ఆడించి చూసింది. తర్వాత మడత విప్పి, దులిపి, దాన్ని పాపకు చుట్టింది.